అండమాన్‌లో పెళ్ళి: మన ఊళ్ళ నుంచి వెళ్ళే బంధువులు ముందుగా ఏమేమి చూసుకోవాలి?

కోవూరు కోడలు | నెల్లూరు జిల్లా

సభ్యులందరికీ నమస్కారం. మా ఆడపడుచు కూతురి పెళ్ళి వచ్చే మాఘమాసంలో అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో, అంటే ఇప్పటికీ అందరూ హావ్‌లాక్ అనే పిలిచే ద్వీపంలో, ఒక రిసార్టులో చేయాలని నిశ్చయించారు. బస, భోజనాలు పెళ్ళివారివి. విమానం టిక్కెట్లు మాత్రం ఎవరివి వారే కొనుక్కోవాలని మొదటి పిలుపులోనే మర్యాదగా చెప్పారు. కోవూరు, కావలి, ఒంగోలు నుంచి బయలుదేరే మా వైపు చుట్టాలను ఒక దారిన నడిపించే పని నా మీద పడింది. వారిలో మా అత్తగారికి డెబ్బై దాటాయి, షుగరు, మోకాళ్ళ నొప్పి రెండూ ఉన్నాయి. చంటిబిడ్డ ఉన్న దంపతులు ఒకరున్నారు. అమెరికా నుంచి వచ్చే మా మరిది కుటుంబం చెన్నైలో మాతో కలుస్తుంది. ఇలాంటి పెళ్ళి ఎలా చేయాలో చెప్పే వీడియోలు కావలసినన్ని దొరుకుతున్నాయి గాని, పిలిస్తే వెళ్ళే చుట్టం ఏం చూసుకోవాలో చెప్పేవారు కనబడలేదు. అటు వెళ్ళివచ్చినవారు, అక్కడ ఉన్నవారు ఎవరైనా ఉంటే వివరంగా రాయవలసిందిగా ప్రార్థన.

కావలి బాబాయి | కావలి

అమ్మా, నేను ఉద్యోగరీత్యా చాలా ఏళ్ళు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండి, పదవీ విరమణ తరువాత కావలిలో స్థిరపడ్డవాడిని. ముందుగా దారి ఎలా ఉంటుందో మీ వాళ్ళందరికీ అర్థమయ్యేలా చెప్పండి. చెన్నైలో విమానం ఎక్కితే రెండు గంటలకు కొంచెం అటూఇటూగా పోర్ట్‌బ్లెయిర్‌లో దిగుతారు. 2024లో ఆ నగరానికి శ్రీవిజయపురం అని పేరు మార్చారు గనుక టిక్కెట్లలో, బోర్డులలో రెండు పేర్లూ కనబడతాయి. అవి రెండు ఊళ్ళనుకుని కంగారు పడవద్దు. పెళ్ళి జరిగే ద్వీపంలో మాత్రం విమానాశ్రయం లేదు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రైవేటు వేగపడవలో గంటన్నర నుంచి రెండు గంటలు, ప్రభుత్వ పడవలో అంతకంటే కొంచెం ఎక్కువ సమయం సముద్రం మీద ప్రయాణించాలి. కాబట్టి విమానం దొరికిందని ఊపిరి పీల్చుకోవద్దు. ఈ ప్రయాణం మొత్తం పడవ మీద ఆధారపడి ఉంటుంది.

చీకటి పడ్డాక ఆ పడవలు నడవవు. చెన్నైలో విమానం ఆలస్యమై మీరు మధ్యాహ్నం దాటాక దిగితే ఆ రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే గడపవలసి రావచ్చు. సముద్రం పోటెత్తితే, గాలి హెచ్చరిక వస్తే పడవలను ఆపివేస్తారు. పడవ రద్దయితే ఆ టిక్కెట్టు డబ్బు తిరిగి వస్తుంది గాని, దాని వల్ల తప్పిపోయిన విమానం టిక్కెట్టుకు ఎవరూ పూచీ పడరు. మాఘమాసంలో సముద్రం సాధారణంగా శాంతంగానే ఉంటుంది. మన వైపు కార్తీక మార్గశిరాల్లో వాయుగుండాలు ఎలా వస్తాయో అక్కడా డిసెంబరు దాకా అలాగే వానలుంటాయి, మే నెల మూడో వారం ప్రాంతంలో దేశంలోకెల్లా ముందుగా నైరుతి రుతుపవనాలు తాకేదీ అక్కడే. నడుమ నెలల్లో పెట్టిన ముహూర్తం గనుక పెళ్ళివారు ఆలోచించే పెట్టారనుకుంటాను.

అయినా నా సలహా ఒకటే. వెళ్ళేటప్పుడు మొదటి వేడుకకు కనీసం ఒక రోజు ముందు ద్వీపం చేరేటట్టు టిక్కెట్లు కొనండి. వచ్చేటప్పుడు తిరుగు విమానానికి ముందురోజే పోర్ట్‌బ్లెయిర్ చేరి, ఆ రాత్రి అక్కడ నిద్ర చేయండి. ఉదయం పడవ దిగి మధ్యాహ్నం విమానం ఎక్కుతామని లెక్కలు వేసేవారు ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. వారి లెక్క కాగితం మీద సరిగ్గానే ఉంటుంది, గాలి ఒప్పుకోవాలి.

పడవ టిక్కెట్ల మీద పేరు, వయసు గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి. జెట్టీ వద్ద అసలు కార్డు అడుగుతారు. చంటిబిడ్డకు జనన ధృవీకరణ పత్రం తీసుకువెళ్ళండి. ప్రభుత్వ పడవల్లో ద్వీపవాసులకు ప్రాధాన్యం ఉంటుంది గనుక, పెళ్ళి కోసం వెళ్ళేవారు వాటి మీద ఆశ పెట్టుకోకుండా ప్రైవేటు పడవలోనే అందరూ ఒకే వేళకు సీట్లు తీసుకోవడం మంచిది.

పొదలకూరు రోడ్డు | నెల్లూరు

ఎవరినీ నొప్పించాలని కాదు గాని, ఒక మాట అడుగుతున్నాను. నెల్లూరులో ఇన్ని కల్యాణమండపాలుండగా, మైపాడులో సముద్రం ఉండగా, పెద్దవాళ్ళను విమానం, పడవ ఎక్కించి అంత దూరం తీసుకువెళ్ళడం అవసరమా? నలుగురున్న కుటుంబం విమాన ఛార్జీలకు పెట్టే డబ్బుతో ఇక్కడ ఒక చిన్న శుభకార్యమే జరిగిపోతుంది. వెళ్ళకపోతే పెళ్ళివారు ముఖం చాటేస్తారన్న భయంతోనే చాలామంది వెళుతున్నారని నా అభిప్రాయం.

ఒంగోలు పిన్ని | ఒంగోలు

పొదలకూరు రోడ్డు గారూ, ఆ పెళ్ళి అక్కడ చేయవచ్చా లేదా అన్నది చేసేవారి ఇష్టం, ఆమె అడిగిన విషయం అది కాదు. అయితే మీ మాటలో పనికివచ్చేది ఒకటుంది: వెళ్ళలేనివారు వెళ్ళలేమని త్వరగా చెప్పాలి. మన ఊళ్ళో పెళ్ళికి వస్తామన్నవారు రాకపోయినా, రాలేమన్నవారు పదిమందిని వెంటబెట్టుకుని వచ్చినా వంటవాడు ఏదో విధంగా సర్దుతాడు. అక్కడ గదులు లెక్కపెట్టి తీసుకుంటారు, పడవలో సీట్లు లెక్కపెట్టి కొంటారు, కూరగాయల్లో చాలా భాగం ఓడల మీద రావాలి. "చూద్దాంలే, దగ్గరపడ్డాక చెబుతాం" అనే జవాబు పెళ్ళివారికి అన్నిటికంటే ఎక్కువ కష్టం కలిగిస్తుంది. మా అక్క కొడుకు పెళ్ళి ఇలాగే దూరదేశంలో జరిగినప్పుడు, మోకాళ్ళ ఆపరేషన్ అయిన మా పెదనాన్నగారు తానే ఫోన్ చేసి "నేను రాలేను, మీరు తిరిగి వచ్చాక ఇంటికి వచ్చి అక్షతలు వేయించుకోండి" అన్నారు. ఆయన మీద ఎవరికీ కోపం రాలేదు సరికదా, ఆ గది వేరొకరికి ఉపయోగపడింది.

ఎంతమంది అన్నది కూడా పిలుపులో ఉన్నంతవరకే లెక్క. పెళ్ళికి ఇద్దరిని పిలిస్తే, సెలవుల్లో ఉన్నారు కదా అని పెళ్ళైన కూతురిని, అల్లుడిని కూడా తీసుకువెళ్ళడం అక్కడ కుదరదు.

పొదలకూరు రోడ్డు | నెల్లూరు

త్వరగా చెప్పాలన్న మాట ఒప్పుకుంటున్నాను. అయితే చదివింపుల సంగతి కూడా ఎవరైనా తేల్చాలి. ఇంత ఖర్చు పెట్టుకుని వెళ్ళినవారు మళ్ళీ వేలకు వేలు చదివించాలా?

ఒంగోలు పిన్ని | ఒంగోలు

నా మటుకు నేను చదివిస్తాను, ఎందుకంటే రేపు మన ఇంట్లో కార్యానికి వారు చదివిస్తారు. చదివింపులు రాసుకునే ఆ పుస్తకం రెండు కుటుంబాల మధ్య నడిచే లెక్క. కాకపోతే అక్కడే ఇవ్వాలన్న నియమం లేదు. కోవూరు కోడలు గారి ఆడపడుచు నెల్లూరులో రిసెప్షన్ పెడుతున్నారేమో కనుక్కోండి, పెడితే చదివింపులు, వస్తువులు అన్నీ అప్పుడే. వెండి పళ్ళెం, స్టీలు బిందె, ఫ్రేము కట్టిన పటం లాంటివి ద్వీపానికి మోసుకువెళితే, ఇచ్చినవారి బరువు తీరుతుంది గాని పెళ్ళికూతురి పెట్టె బరువు పెరుగుతుంది. దేశంలోపలి విమానాల్లో సాధారణ టిక్కెట్టుకు చెక్-ఇన్ సామాను మనిషికి 15 కిలోలు మాత్రమే. ఖర్చు భరించలేనివారు ఉత్త చేతులతో వచ్చినా మనసులో ఏమీ పెట్టుకోకుండా ఉండటం పెళ్ళివారి వంతు.

కోవూరు కోడలు | నెల్లూరు జిల్లా

రిసెప్షన్ నెల్లూరులోనే ఉందండీ, పెళ్ళైన తరువాతి వారం. చదివింపులు అక్కడే అని మా వాళ్ళకు చెప్పేస్తాను. బాబాయి గారూ, పడవ టిక్కెట్లు పెళ్ళివారే తీస్తామన్నారు; మీరు చెప్పినట్టు ఆధార్ కార్డుల ప్రకారం అందరి పేర్లూ రేపే పంపిస్తున్నాను. చెన్నై దాకా ఎలా వెళ్ళాలన్నది ఇప్పుడు మా ఇంట్లో వాదన. విమానం తెల్లవారుజామున. అర్ధరాత్రి కార్లలో బయలుదేరుదామని మగవాళ్ళు అంటున్నారు.

అల్లూరు అబ్బాయి | అల్లూరు, ప్రస్తుతం చెన్నై

అక్కా, ఆ ఆలోచన మానిపించండి. నెల్లూరు నుంచి చెన్నై విమానాశ్రయానికి రోడ్డు మార్గాన 190 కిలోమీటర్ల వరకు ఉంటుంది. ఒంగోలు నుంచైతే దాదాపు 300. తడ దాటాక గుమ్మిడిపూండి నుంచి రెడ్‌హిల్స్ వరకు రాత్రిపూట లారీలు బారులు తీరి ఉంటాయి, ఎంతసేపు నిలబడాలో చెప్పలేము. నిద్ర లేని డ్రైవరు, నిద్ర లేని పెద్దవాళ్ళు, ఆ వెంటనే విమానం, ఆ వెంటనే పడవ అంటే మనుషులు పెళ్ళికి చేరేసరికి సగమవుతారు. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఉదయం విజయవాడలో బయలుదేరి ఒంగోలు, సింగరాయకొండ, కావలి, నెల్లూరులో అందరినీ ఎక్కించుకుని మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్ చేరుతుంది. సెంట్రల్ నుంచి విమానాశ్రయానికి నేరుగా మెట్రో ఉంది, లిఫ్టులు ఉన్నాయి గనుక మీ అత్తగారికి ఇబ్బంది ఉండదు. మీనంబాకం, పల్లావరం వైపు గదులు తీసుకుని ఆ సాయంత్రం విశ్రాంతి తీసుకుంటే తెల్లవారి పది పదిహేను నిమిషాల ప్రయాణమే మిగులుతుంది. కార్లలోనే రావాలనుకుంటే పగలే బయలుదేరండి.

అమెరికా నుంచి వచ్చే మీ మరిదిగారికి ఒక మాట ముందే చెప్పండి. అక్కడి నుంచి మనిషికి రెండేసి పెద్ద పెట్టెలు తెస్తారు. అండమాన్ విమానంలో వాటికి చోటు లేదు, అదనపు బరువుకు కిలో లెక్కన కట్టాలి. పెద్ద పెట్టెలు నెల్లూరులోనో చెన్నైలో తెలిసినవారింట్లోనో వదిలి, చిన్న సంచులతో రావాలి. పిల్లలకు అమెరికా పాస్‌పోర్టు ఉంటే అది, విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు, రెండూ అసలువి వెంట ఉండాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయంలోని కౌంటరు వద్ద నమోదు చేయించుకోవాలి గనుక, తక్కినవారితో కలిసి తోసుకుంటూ బయటికి వచ్చేయకుండా అక్కడ ఆగి అడగాలి. దానికి పట్టే సమయాన్ని కూడా పడవ వేళతో కలిపి లెక్క వేసుకోండి.

కనిగిరి శాస్త్రి | కనిగిరి

ముహూర్తం గురించి ఎవరూ ప్రస్తావించలేదు గనుక రాస్తున్నాను. గడియారం ప్రకారం అండమాన్‌కు, మనకు ఒకటే సమయం. సూర్యుడికి మాత్రం కాదు. నెల్లూరు దాదాపు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే, ఆ ద్వీపాలు 93 డిగ్రీలకు దగ్గరగా ఉన్నాయి. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడ సూర్యోదయం మనకంటే సుమారు 50 నిమిషాలు ముందు. మాఘమాసంలో ఆరు గంటలకు ముందే తెల్లవారిపోతుంది, సాయంత్రం ఐదున్నరకు సూర్యుడు అస్తమిస్తాడు. లగ్నాలు కూడా అంత ముందుగా వస్తాయి, సూర్యోదయాన్ని బట్టి లెక్కించే రాహుకాలం, దుర్ముహూర్తాల వేళలూ మారతాయి.

అతిథులకు ఇది ఎందుకంటే, శుభలేఖలో వేసిన వేళను ఇంట్లో గోడ మీద ఉన్న క్యాలెండరుతో పోల్చి చూసి, "ఇది రాహుకాలంలో పడింది, ఎవరు పెట్టారు ఈ ముహూర్తం" అని మండపంలో గుసగుసలు మొదలుపెట్టే పెద్దలు ఉంటారు. స్థానిక రేఖాంశాన్ని బట్టి గుణించిన ముహూర్తం అలా తేడాగా కనబడటం సహజమేనని మీ అత్తగారికి, మామగారికి ముందే చెప్పి ఉంచండి. సంకల్పంలో మాత్రం చిక్కు లేదు. నెల్లూరులో శ్రీశైలానికి ఆగ్నేయ దిగ్భాగమని చెప్పుకుంటాము, అక్కడ దిక్కు ఏమని చెప్పాలో పురోహితుడే చూసుకుంటారు.

ఇంకొక సంగతి. సాయంత్రం ఆరింటికి మేలుకుని ముస్తాబు మొదలుపెట్టే అలవాటు అక్కడ పనికిరాదు. ఫొటోల వెలుతురు నాలుగు, నాలుగున్నరకే. మంగళస్నానాలు తెల్లవారుజామున ఉంటే రాత్రి త్వరగా పడుకోవాలి.

పొదలకూరు రోడ్డు | నెల్లూరు

శాస్త్రి గారికి నమస్కారం. ఈ సంగతి నిజంగా తెలియదు. హారతి, హోమ ద్రవ్యాలు మనం ఇక్కడి నుంచే తీసుకువెళ్ళవచ్చా? మా ఇంట్లో ఆడవాళ్ళు కురిడీలు, పసుపు, కర్పూరం లేకుండా ఊరు కదలరు.

అల్లూరు అబ్బాయి | అల్లూరు, ప్రస్తుతం చెన్నై

కురిడీలు, కర్పూరం రెండూ విమానంలో నిషిద్ధం, చెక్-ఇన్ సామానులో కూడా. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ గనుక వేడికి తనంతట తాను అంటుకునే గుణం ఉంది, కర్పూరం సంగతి చెప్పనక్కరలేదు. అగ్గిపెట్టెలు, లైటర్లు, బాణసంచా చెక్-ఇన్ పెట్టెలో పెడితే పెట్టెను పక్కకు లాగుతారు, మీరు వెళ్ళి తెరిచి చూపించేసరికి మిగతావారు విమానం ఎక్కి కూర్చుంటారు. పసుపు, కుంకుమ, అక్షతలు, ఒత్తులు నిరభ్యంతరంగా వస్తాయి. పచ్చళ్ళు చేతిసంచిలో రానివ్వరు. నూనె కారకుండా గట్టిగా మూసి చెక్-ఇన్‌లో వేయాలి. మలై కాజాల డబ్బా మాత్రం చేతిలో పట్టుకోవచ్చు, పెళ్ళివారు సంతోషిస్తారు. పవర్ బ్యాంకు దీనికి పూర్తిగా విరుద్ధం: అది చేతిసంచిలోనే ఉండాలి, చెక్-ఇన్‌లో పెట్టకూడదు.

కావలి బాబాయి | కావలి

కర్పూరం, కొబ్బరికాయ పోర్ట్‌బ్లెయిర్‌లోని అబర్డీన్ బజారులో దొరుకుతాయి. అక్కడ తమిళులు, బెంగాలీలతోపాటు మన తెలుగువారు కూడా, ముఖ్యంగా ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడ్డవారు, బాగానే ఉన్నారు. పూజాసామగ్రి గురించి ఎవరూ బెంగపడనవసరం లేదు. మల్లెపూల దండలు కావాలంటే మాత్రం చెన్నై నుంచే తీసుకువెళ్ళాలి.

నేతగుమ్మం | వెంకటగిరి

చీరల వ్యాపారిగా నా మాట కూడా వినండి. తీరాన తేమ, ఉప్పుగాలి రెండూ ఎక్కువ. బరువైన పట్టుచీర మంచిదొకటి ముహూర్తానికి చాలు. వెండి జరీ ఉన్న పాత చీరలను ఇసుకలో తిప్పితే ఉప్పుగాలికి జరీ మెరుపు తగ్గుతుంది, ఆ తరువాత ఎంత పాలిష్ చేయించినా ముందున్న మెరుపు తిరిగి రాదు. మిగిలిన వేడుకలన్నిటికీ సన్న నూలు చీరలు కట్టుకోండి. మా వెంకటగిరి నూలు చీర అమ్ముకోవడానికి చెబుతున్నానని అనుకున్నా సరే, జాందానీ బుటాలున్న నూలు చీర గాలి ఆడుతుంది, మడతపెడితే చోటు తక్కువ పడుతుంది, 15 కిలోల లెక్కలో అదే మేలు. మగవారికి నూలు పంచె, పలుచని చొక్కా. పెళ్ళివారు ప్రతి వేడుకకూ ఒక రంగు చెప్పే అలవాటు ఈమధ్య వచ్చింది. అందుకోసం కొత్తగా కొనవలసిన పని లేదు, ఇంట్లో ఉన్నదానిలో దగ్గర రంగు చాలు.

నగల సంగతి ఆడవారికి చెప్పడానికి భయమే. హారం, గాజులు వంటివి ముహూర్తానికి పెట్టుకోవడానికి తీసుకువెళ్ళేవారు వాటిని చెక్-ఇన్ పెట్టెలో పెట్టకుండా ఒంటి మీదో చేతిసంచిలోనో ఉంచుకోవాలి. సముద్రంలో దిగేటప్పుడు ఉంగరాలు గదిలో తీసిపెట్టండి, తడిసిన వేలికి ఉంగరం వదులవుతుంది.

ఒంగోలు డాక్టరు | ఒంగోలు

కోవూరు కోడలు గారి అత్తగారి ఆరోగ్యం దృష్టిలో ఉంచుకుని కొన్ని మాటలు. ద్వీపంలో చిన్న ప్రభుత్వ ఆసుపత్రి ఉంది; పెద్ద వైద్యం కావాలంటే పోర్ట్‌బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రికి సముద్రం దాటి రావాలి. అందువల్ల గుండె జబ్బు అదుపులో లేనివారు, ఇటీవలే స్టెంట్ వేయించుకున్నవారు, నెలలు నిండుతున్న గర్భిణులు తమ వైద్యుడితో మాట్లాడకుండా టిక్కెట్టు కొనకూడదు. తక్కినవారు నిర్భయంగా వెళ్ళవచ్చు.

మందులు ప్రయాణ దినాలకు సరిపడా కాకుండా దాదాపు రెట్టింపు తీసుకువెళ్ళాలి, పడవ ఆగిపోతే ఉండవలసిన రోజులు పెరుగుతాయి గనుక. అవన్నీ చేతిసంచిలోనే, డాక్టరు చీటీతోపాటు ఉండాలి. ఇన్సులిన్‌ను చెక్-ఇన్ పెట్టెలో ఎన్నడూ పెట్టవద్దు. సామాను గదిలోని చలికి గడ్డకడితే ఆ మందు పనికిరాదు. చల్లని సంచిలో వేసుకుని, రిసార్టు గదిలో ఫ్రిజ్ ఉందో లేదో పెళ్ళివారిని ముందే అడగండి. పెళ్ళి భోజనం ఆలస్యమవుతుంది గాని షుగరు ఆగదు. అత్తగారి సంచిలో బిస్కట్లు, ఒక పండు, కొంచెం చక్కెర తప్పక ఉండాలి.

పడవలో వాంతుల గురించి చాలామంది అడుగుతారు. వేగపడవల్లో ఎక్కువ భాగం అద్దాలు మూసిన ఏసీ గదులే, గాలికి బయట నిలబడటం కుదరదు. మందు వేసుకోవాలనుకుంటే పడవ కదిలాక వేసుకుంటే ఫలితం లేదు, ఎక్కడానికి అరగంట నుంచి గంట ముందే వేసుకోవాలి. మన మందుల షాపుల్లో దొరికే అవోమిన్ వంటివి మత్తు కలిగిస్తాయి. పెద్దవారికి, ఇతర మందులు వాడేవారికి వైద్యుణ్ణి అడిగే ఇవ్వండి. పడవ మధ్యభాగంలో, కింది అంతస్తులో కుదుపు తక్కువ. కడుపు నిండా తినకుండా, పూర్తిగా ఖాళీగా కూడా ఉంచకుండా రెండు ఇడ్లీలతో ఎక్కండి. ఫోనులో చదవడం మానేయాలి.

తీరంలో, ముఖ్యంగా తెల్లవారుజామున, సాయంత్రం వేళల్లో, ఇసుక ఈగలు కుడతాయి. అవి కంటికి కనబడనంత చిన్నవి. దురద మాత్రం రోజుల తరబడి ఉంటుంది. దోమల క్రీము కాళ్ళకు బాగా పట్టించండి, చంటిబిడ్డను ఇసుక మీద నేరుగా పడుకోబెట్టవద్దు. తిరిగి వచ్చిన కొన్ని వారాల్లో జ్వరం వస్తే, చూసే డాక్టరుకు అండమాన్ వెళ్ళివచ్చామని తప్పక చెప్పండి, మలేరియా పరీక్ష చేయించాలా వద్దా అన్నది ఆ ఒక్క మాట మీద ఆధారపడుతుంది.

చీమకుర్తి కుర్రాడు | చీమకుర్తి

పెళ్ళితోపాటు స్కూబా డైవింగ్, అంటే గాలి సిలిండరు కట్టుకుని సముద్రం లోపలికి దిగడం, చేద్దామని మీలో యువకులు తప్పకుండా అనుకుంటారు. డైవింగ్ చేసిన తరువాత విమానం ఎక్కడానికి కనీసం 18 గంటల విరామం ఉండాలి, 24 గంటలైతే ఇంకా మంచిది. శరీరంలో కరిగిన నైట్రోజన్ బయటకు పోకముందే పైకి ఎగిరితే ప్రాణాపాయం. బాబాయి గారు చెప్పినట్టు ఒక రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంటే ఈ నియమం కూడా దానంతటదే నెరవేరుతుంది. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారిని డైవింగ్ నడిపేవారు ఎలాగూ దింపరు; ఫారంలో అబద్ధం రాసి దిగవద్దు. ముహూర్తం రోజు ఉదయం ఎవరూ డైవింగ్ పెట్టుకోవద్దు, పెళ్ళికొడుకు స్నేహితులు ముఖ్యంగా.

సముద్రం గురించి కూడా చెప్పాలి. మైపాడులో, కొత్తపట్నంలో అలను చూసి వెనక్కి తగ్గడం నేర్చుకున్న మనకు అక్కడి అల లేని పచ్చని నీరు చూస్తే లేని ధైర్యం వస్తుంది. ఆ ద్వీపాల్లో ఆటుపోటుల తేడా మన తీరం కంటే ఎక్కువ. తూర్పువైపున్న విజయనగర్ తీరంలో ఆటు వేళకు నీరు చాలా దూరం వెనక్కి పోయి రాళ్ళు, పగడపు దిబ్బలు బయటపడతాయి. చెప్పులు లేకుండా నడిస్తే పాదాలు చీరుకుపోతాయి. పడమటివైపు రాధానగర్ తీరం సూర్యాస్తమయానికి పేరుపొందినది, 2020లో శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు కూడా వచ్చింది. ఏ తీరంలోనైనా ఈత కొట్టవద్దని బోర్డు ఉన్న చోట దిగకూడదు, ఆ నీళ్ళల్లో ఉప్పునీటి మొసళ్ళు ఉన్న మాట నిజం.

గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకుని పిల్లల సంచుల్లో దాచవద్దు. ఒడ్డున పడి ఉన్న చచ్చిన పగడం అయినా సరే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. తిరుగు విమానం ఎక్కేటప్పుడు స్కానర్‌లో పట్టుకుంటారు. బారాటాంగ్ వైపు విహారానికి వెళ్ళేవారు దారిలో జారవా అనే ఆదివాసులను ఫొటో తీయడం కూడా నేరమే.

ఒంగోలు పిన్ని | ఒంగోలు

డబ్బు విషయం మరిచిపోతున్నారు. ఆ ద్వీపంలో ఏటీఎంలు తక్కువ. ఫోనులో చెల్లించడం సిగ్నలు ఉన్నంతవరకే.

కావలి బాబాయి | కావలి

నిజమే. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక పరిస్థితి చాలా మెరుగుపడింది గాని, ద్వీపం లోపలి దారుల్లో సిగ్నలు ఇప్పటికీ వచ్చిపోతుంటుంది. మనిషికి కొంత నగదు, చిన్న నోట్లతో సహా, చెన్నైలోనే తీసుకోండి. టిక్కెట్లు, గుర్తింపు కార్డులు ఫోనులో ఉన్నాయనుకోకుండా కాగితం మీద ముద్రించి ఒక సంచిలో పెట్టండి. అక్కడి నుంచి కార్యాలయం పనులు చేసుకోవచ్చనుకుని ల్యాప్‌టాప్‌తో వచ్చేవారు ఆ రోజులకు సెలవు పెట్టుకోవడమే మేలు.

భోజనం గురించి కూడా ఒక మాట. చేపలకు కొదవ లేదు, వండే తీరు మాత్రం మన నెల్లూరు పులుసులా ఉండదు. ఉల్లి, వెల్లుల్లి కూడా తినని పెద్దవారు, ఏకాదశి పట్టేవారు ఉంటే ఆ సంఖ్యను పేర్లతోపాటు ఇప్పుడే పంపండి. వడ్డన వేళ చెబితే రిసార్టు వంటవాడు పెరుగన్నం కంటే ఎక్కువేమీ చేయలేడు.

కోవూరు కోడలు | నెల్లూరు జిల్లా

అందరికీ ఎంతో కృతజ్ఞురాలిని. తిరుగు విమానాన్ని ఒక రోజు తరువాతకు మార్చడానికి మా వాళ్ళు ఒప్పుకున్నారు. పోర్ట్‌బ్లెయిర్‌లో గదుల ఖర్చు మాదే గనుక ఇద్దరు కొంచెం సణిగారు, డైవింగ్ సంగతి చెప్పగానే కుర్రవాళ్ళే వారికి నచ్చజెప్పారు. చివరిగా ఒకటి అడుగుతాను. మా అత్తగారు చక్రాల కుర్చీ లేకుండా ఎక్కువ దూరం నడవలేరు. విమానాశ్రయంలో దొరుకుతుందని తెలుసు. జెట్టీలో, పడవ ఎక్కేచోట ఎలా?

కావలి బాబాయి | కావలి

విమానానికి టిక్కెట్టు కొన్నప్పుడే చక్రాల కుర్చీ కావాలని నమోదు చేయించండి, దానికి డబ్బు తీసుకోరు. జెట్టీలో మాత్రం దాని మీద ఆశ పెట్టుకోవద్దు. గేటు నుంచి పడవ దాకా నడక ఉంటుంది, ఎండగా ఉంటుంది; గొడుగు, నీళ్ళ సీసా చేతిలో ఉంచుకోండి. పడవకు, జెట్టీకి మధ్య వేసే పలక ఆటుపోటులను బట్టి ఒక వేళ ఏటవాలుగా, మరొక వేళ దాదాపు సమంగా ఉంటుంది. ఆమెకు చెరొకవైపు ఇద్దరు బలమైన మగపిల్లలను కేటాయించి, వారి చేతుల్లో సామాను ఏమీ లేకుండా చూడండి. బయలుదేరే సమయానికి గంట ముందు చేరి, పెద్దవారు ఉన్నారని సిబ్బందికి చెబితే మిగతా ప్రయాణికుల కంటే ముందు ఎక్కిస్తారు. దిగేటప్పుడు మాత్రం తొందరపడకుండా అందరూ దిగాకే ఆమెను దింపండి. రిసార్టు బండిని ఆమె కోసం జెట్టీ లోపలికి వీలైనంత దగ్గరగా తెప్పించమని పెళ్ళివారికి ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. పడవ ద్వీపం చేరాక సిగ్నలు దొరికే దాకా ఆగి చెప్పాలనుకుంటే అప్పటికి ఉన్న బండ్లన్నీ వేరే అతిథులతో వెళ్ళిపోయి ఉంటాయి.